రైలు మోడళ్ల రంగుల కోసం కాజీపేట నుంచి నిర్మల్ దాకా

రైలు మోడళ్లకు రంగులు వేసేవారికి అసలు చిక్కు కుంచె పట్టుకోవడంలో కాదు, ఏ రంగు వేయాలో తేల్చుకోవడంలో ఉంటుంది. ఒక ఫొటోలో పచ్చగా ఉన్న ఇంజను మరో ఫొటోలో నీలంగా కనిపిస్తుంది. ఇంట్లో బల్బు వెలుగులో సరిగ్గా కుదిరిందనుకున్న గోధుమరంగు పగటి వెలుతురులోకి తీసుకెళ్తే ఇటుకరంగుగా తేలుతుంది. అందుకే ఈ చలికాలంలో నా దగ్గరున్న రంగులన్నిటినీ చిన్న అట్టముక్కల మీద పూసి, వాటికి చిల్లులు పెట్టి ఒక దారానికి గుచ్చుకుని, ఉత్తర తెలంగాణలో రైళ్లున్న ఊళ్లకూ, మా పనికి అక్కరకొచ్చే చేతిపనుల ఊళ్లకూ వెళ్లి వచ్చాను. గుడులూ కోటలూ చూడటానికి వరంగల్ వచ్చేవారికి సమాచారం కావలసినంత దొరుకుతుంది. మోడళ్లవారి అవసరాలు వేరు కనుక వాటి మేరకే రాస్తున్నాను.

ఈ యాత్రలో మొదటి స్థానం కాజీపేటదే. సికింద్రాబాదు నుంచి వచ్చే దారి ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గంతో కలిసేది ఇక్కడే. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయిన తరువాతనే మద్రాసు నుంచి ఢిల్లీకి ఈ దారిన నేరుగా రైలు నడిచింది. డీజిల్ షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు రెండూ ఊళ్లోనే ఉన్నందువల్ల, కడిగి కొత్తగా రంగు వేసిన ఇంజనూ నెలల తరబడి బొగ్గు గూడ్సులు లాగి నల్లబడిన ఇంజనూ ఒకే పూటలో కంటబడతాయి. షెడ్లలోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, పట్టాల మీదికి దిగకూడదు. దిగవలసిన అవసరం కూడా లేదు. పది రూపాయల ప్లాట్‌ఫాం టికెట్టు రెండు గంటల పాటు చెల్లుతుంది, ఆ రెండు గంటల్లో చూడవలసినదంతా ప్లాట్‌ఫాం పక్కనే వచ్చి ఆగుతుంది.

అలా ఆగిన ఒక డబ్ల్యూఏజీ-9 (గూడ్సు బండ్లను లాగే ఎలక్ట్రిక్ ఇంజను) చక్రాల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. పట్టాను తాకే అంచు మాత్రమే వెండిలా మెరుస్తూ ఉంది, దాని లోపలి భాగమంతా ఎండిన ముదురు గోధుమరంగు. చక్రం జారకుండా పట్టా మీద ఇసుక చల్లడానికి ముందున్న గొట్టం చుట్టూ తెల్లటి పొడి అంటుకుని, కిందికి వెళ్లేకొద్దీ పలచబడింది. ఇరుసు పెట్టె మూత చుట్టూ నూనె చెమ్మ ఉన్నచోట దుమ్ము పేరుకుని దాదాపు నల్లగా మారింది. చెమ్మ లేని చోట అదే దుమ్ము ఎర్రమట్టి రంగులోనే ఉంది. మనలో చాలామంది బోగీ (ఇంజను కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం) మొత్తానికి ఒకే తుప్పురంగు పలచగా పూసేసి వదిలేస్తాం. నిజానికి అక్కడ మూడు వేర్వేరు పదార్థాలు ఉన్నాయి: బ్రేకు దిమ్మెలు అరిగి రాలిన ఇనుప పొడి, నేల నుంచి లేచిన మట్టి, నూనె. మొదటి రెండింటికి మెరుపు ఉండదు, మూడోదానికి కొద్దిగా ఉంటుంది. మెరుపు లేని మ్యాట్ వార్నిషు అంతా అయ్యాక ఇరుసు పెట్టెల చుట్టూ మాత్రం సన్నటి కుంచెతో కొద్దిగా మెరిసే శాటిన్ వార్నిషు తాకిస్తే ఈ తేడా వస్తుందని ఇంటికి వచ్చాక చేసి చూశాను, వచ్చింది.

ప్లాట్‌ఫాం కంటే మేలైన చోటు ఫాతిమా నగర్ వంతెన. మోడల్‌ను బల్ల మీద పెట్టి పైనుంచి చూస్తాం కాబట్టి చూసేవారి కన్ను మొదట పడేది ఇంజను కప్పు మీదే. అయినా ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు నూటికి తొంభై పాళ్లు పక్క నుంచో ముందు నుంచో తీసినవే ఉంటాయి. హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే రోడ్డు పట్టాలను దాటే ఈ వంతెన మీద నుంచి చూస్తే పైనున్న కరెంటు తీగను తాకే పాంటోగ్రాఫుల చుట్టూ కార్బన్ పొడి మసి ఎంతమేర వ్యాపిస్తుందో, కప్పు రంగు పక్కల రంగుకంటే ఎంత వెలిసిపోతుందో తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. అసలులో 87వ వంతుగా చేసే 1:87 కొలతలో ఇరవైన్నర మీటర్ల డబ్ల్యూఏజీ-9 సుమారు 236 మిల్లీమీటర్లే అవుతుంది. అంత చిన్న వస్తువు మీద అసలు డబ్బాలోని రంగును ఉన్నదున్నట్టు పూస్తే ముదురుగా, బరువుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసినప్పుడు గాలి, దుమ్ము రంగును ఎంత తేలిక చేస్తాయో అంతే మనమూ తేలిక చేయాలి. నా అట్టముక్కలను వంతెన మీద ఎండలో పట్టుకుని కింద నిలిచిన ఇంజనుతో పోల్చి చూస్తే, ఆకుపచ్చలో పదింట ఒక వంతు తెలుపు కలిపిన ముక్క దగ్గరగా వచ్చింది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక అప్పుడు వెళ్లడం మంచిది. వాహనాల రద్దీ ఎక్కువ, నిలబడే చోటు ఇరుకు. పిల్లలను తీసుకెళ్లవద్దని చెబుతాను.

బస విషయంలో కాజీపేట స్టేషను దగ్గరి లాడ్జీలు చవక, నడిచి వెళ్లవచ్చు, అంతవరకే. నేను దిగిన గదిలో బల్ల లేదు, కిటికీ పక్క భవనం గోడకు ఎదురుగా ఉంది. రాత్రి కూర్చుని ఆనాటి రంగులను కలిపి చూసుకోవాలనుకునేవారికి అటువంటి గది పనికిరాదు. మరునాడు హనుమకొండకు మారాను. అక్కడ అద్దె దాదాపు రెట్టింపైనా వెడల్పాటి బల్ల, ఉత్తరం వైపు కిటికీ దొరికాయి. కౌంటరులో అడిగితే పసుపు బల్బు గదికి బదులు తెల్లని ట్యూబులైటు ఉన్న గది ఇచ్చారు. భోజనం, బస ఒకేచోట కావాలనుకునే కుటుంబాలకు పర్యాటకాభివృద్ధి సంస్థవారి హరిత కాకతీయ కూడా హనుమకొండలోనే ఉంది. స్టేషనులోని రిటైరింగ్ రూములు కావాలంటే ప్రయాణపు పీఎన్ఆర్ ఉండాలి కాబట్టి బస్సులో వచ్చేవారు వాటిమీద ఆశ పెట్టుకోకూడదు. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మధ్య సిటీ బస్సులూ షేర్ ఆటోలూ చీకటి పడే వరకు విరివిగా తిరుగుతాయి కనుక ఎక్కడ దిగినా రాకపోకలకు ఇబ్బంది లేదు.

వరంగల్ బజారులో మోడళ్ల కోసమే అమ్మే రంగులు నాకు ఎక్కడా కనబడలేదు. తమియా, వయ్యేహో వంటివి ముందే తెప్పించుకుని వెళ్లాలి. అయితే పనిముట్లలో సగం మామూలు దుకాణాల్లోనే దొరుకుతాయి. రంగు చుక్కలు కొలవడానికి మెడికల్ షాపులో ఇన్సులిన్ సిరంజీలు, వడకట్టడానికి బట్టల కొట్టులో మల్లు గుడ్డ, కార్ల రంగులమ్మేవారి దగ్గర సన్నటి నీటి ఎమెరీ కాగితం కొన్నాను. వీటన్నిటికంటే విలువైనది ఉచితంగా దొరికింది. ఓరుగల్లు చుట్టుపక్కల ఉన్న ఎర్రటి చెలక మట్టిని ఒకచోట, నల్లరేగడిని మరొకచోట పిడికెడు చొప్పున తీసుకున్నాను. ఎండబెట్టి, నూరి, మల్లు గుడ్డలో జల్లించి, మెరుపు లేని వార్నిషు మీద పొడి కుంచెతో అద్దితే ఏ కంపెనీ పిగ్మెంటూ ఇవ్వలేని ఈ ప్రాంతపు దుమ్ము మోడల్ మీదికి వస్తుంది. వాడేముందు ఆ పొడి మీద అయస్కాంతం తిప్పడం మరువకూడదు. మట్టిలోని ఇనుప రజను మోటారు అయస్కాంతానికి అంటుకుంటే ఇంజను పాడవుతుంది.

పెంబర్తి నేను అనుకున్నదానికంటే ఎక్కువ ఇచ్చింది. సికింద్రాబాదు–కాజీపేట మార్గంలో జనగామలో దిగి ఆటో ఎక్కితే కొద్దిసేపట్లో చేరవచ్చు. ఇత్తడి రేకు పనికి పేరుపడ్డ ఊరు ఇది, ఆ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. దేవాలయాల తొడుగులూ జ్ఞాపికలూ చేసేవారి దగ్గరకు వెళ్లి, గోరంత నేమ్‌ప్లేటు, కిటికీ చట్రం చేస్తారా అని అడగడానికి మొదట మొహమాటపడ్డాను. ఒక పెద్దాయన నా దగ్గరున్న 0.2 మిల్లీమీటర్ల రేకును వేళ్ల మధ్య వంచి చూసి, “ఇది కొడితే చిల్లు పడ్తది సార్, గీకుడే మంచిది,” అన్నారు. సన్నటి ఉలి మొనతో గీత గీసి, అదే గీత మీద మళ్లీ మళ్లీ లాగి, చివరకు వేలితో నొక్కి విడగొట్టారు. అంచు ఆకురాయి అవసరం లేకుండా నున్నగా వచ్చింది. కత్తెరతో కోస్తే రేకు అంచు వంగిపోయి రంగు కింద గీతలా కనబడుతుంది కదా, ఈ పద్ధతిలో ఆ బెడద లేదు. పనికి వారు అడిగినంత ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం, అక్కడ బేరమాడవద్దు. ఇత్తడి భాగాలకు రంగు వేసేటప్పుడు ముందు సబ్బునీటితో జిడ్డు పోగొట్టి, వెనిగర్‌తో తుడిచి, కడిగి ఆరబెట్టి, ఆ తరువాతే ప్రైమరు పూయాలి; లేకపోతే మాస్కింగ్ టేపుతో పాటు రంగంతా లేచి వస్తుంది. పెంబర్తిలో బస చేయవలసిన పని లేదు, పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు.

ఆ తరువాత కరీంనగర్. వెండి తీగ పని చూడాలనే వెళ్లాను. కమ్మచ్చు (తీగ లాగడానికి చిల్లులు పెట్టిన పలక) చిల్లుల గుండా తీగను ఒకదాని తరువాత ఒకటిగా ఇంకా సన్నటి చిల్లులోకి లాగుతూ, రెండు తీగలను పురి పెట్టి, నలగ్గొట్టి బద్దగా చేయడం అక్కడి పని తీరు. మోడల్ ఇంజను మెట్ల పక్కన పట్టుకునే కడ్డీకి 0.3 మిల్లీమీటర్ల తీగ కావాలి. రాగితీగను అలా లాగితే గట్టిపడి, నిటారుగా నిలుస్తుందని అక్కడ తెలిసింది. చుట్ట నుంచి విప్పి వాడిన తీగ ఎంత సాపు చేసినా అలలుగా ఉండటానికి కారణం ఇప్పుడు అర్థమవుతోంది. హనుమకొండ నుంచి కరీంనగర్‌కు బస్సే మేలు. పెద్దపల్లి మీదుగా రైలు దారి ఉన్నా ఆ లైనులో రైళ్లు తక్కువ.

బొగ్గు వ్యాగన్ల మోడళ్లు చేసేవారికి రామగుండం తప్పనిసరి. సికింద్రాబాదు నుంచి సిర్పూర్ కాగజ్‌నగర్ వెళ్లే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా పోతుంది. పగటి పూట కిటికీ పక్క సీటు దొరికితే ఆ ప్రయాణమే ఒక పాఠం. దారి పొడవునా లూప్ లైన్లలో (ప్రధాన మార్గం పక్కనుండే పట్టాల మీద) ఆగి ఉన్న బాక్స్ఎన్ అనే పైకప్పు లేని బొగ్గు వ్యాగన్లు కనిపిస్తాయి. వాటి పక్కల మీద వాన నీరు జారిన చారలు నిలువుగా ఉంటాయే తప్ప అడ్డంగా ఉండవు. లోపలి గోడలకు రంగు ఎప్పుడో పోయి, బొగ్గు రాపిడికి కొన్నిచోట్ల ఉక్కు మెరుస్తూ, కొన్నిచోట్ల నారింజ తుప్పు పట్టి ఉంటుంది. ఖాళీ వ్యాగను మోడల్‌కు లోపల కూడా బయటి ఎర్రగోధుమరంగే వేస్తే అందుకే అబద్ధంగా కనిపిస్తుంది. నిండు వ్యాగన్లలో బొగ్గు మీద తెల్లటి పూత కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు. దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే తెలిసిపోయేలా పైన సున్నపు నీళ్లు చల్లుతారు. మోడల్ మీద ఇదే చేయాలంటే తెలుపు రంగును బాగా నీళ్లలా చేసి, పాత టూత్‌బ్రష్షును వేలితో మీటి చిలకరిస్తే చాలు.

2600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రానికి సింగరేణి గనుల నుంచి బొగ్గు దాని సొంత రైలు మార్గంలోనే వస్తుంది, అడుగున తెరుచుకునే వ్యాగన్లలో. ఆ వైపు కెమెరా తీయకూడదు. రక్షణ ఉన్న ప్రాంతం కనుక రోడ్డు మీద నుంచి కనబడినంత చూసి రావాలి. రామగుండం దగ్గర బస నాకు నచ్చలేదు. ఫోనులో మాట ఇచ్చిన లాడ్జీవారు నేను వెళ్లేసరికి గది మరొకరికి ఇచ్చేశారు, దొరికిన రెండో గదిలో రాత్రంతా దోమలు. మంచిర్యాల వెళ్లి ఉంటే బాగుండేదని ఆటో డ్రైవరు చెప్పిన మాట సరైనదే. మంచిర్యాలకు వెళ్లే దారిలో గోదావరి వంతెన వస్తుంది, నది మీద తేమ వెలుతురులో గూడ్సు రంగులు మరింత ముదురుగా కనిపిస్తాయి.

నిర్మల్‌కు రైలు లేదు, బస్సు ప్రయాణం అలసట. చూసేది బొమ్మల పని ఒక్కటే కాబట్టి తీరిక ఉన్నవారే వెళ్లాలి. వెళ్లినవారు మాత్రం పొణికి కర్ర బొమ్మలకు రంగుకు ముందు చేసే ఏర్పాటును శ్రద్ధగా గమనించాలి. ముక్కల మధ్య అతుకులను చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూడ్చి, పైన తెల్లమట్టి పూసి, నునుపు చేసిన తరువాత గాని రంగు డబ్బా తెరవరు. ప్లాస్టిక్ ఇంజను అతుకుల దగ్గర పుట్టీ పెట్టి రుద్దే పని విసుగనిపించి మనం తొందరపడతాం, ఆ గీతే చివరకు వార్నిషు కింద బయటపడుతుంది. ఇప్పుడు వారు కార్లకు వేసే రకం డ్యూకో రంగులు వాడుతున్నారు. అందులో ఒక పసుపు, ఇంజను పక్కనుండే పట్టీకి అచ్చంగా సరిపోయేది, నన్ను ఆకట్టుకుంది. ఆ డబ్బాను, దాని థిన్నరును రైల్లో తీసుకురావడం కుదరదు. మండే పదార్థాలను రైల్లో తీసుకెళ్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అందుకని ఒక అట్టముక్క మీద ఆ పసుపును పూయించుకుని, నా దండలో చేర్చుకుని వచ్చాను. నీటితో కలిసే అక్రిలిక్ పసుపులో చిటికెడు ఓకర్ (మట్టి పసుపు), రెండు చుక్కల తెలుపు వేసి, కిటికీ దగ్గర ఆ ముక్క పక్కన పెట్టి పోల్చుకుంటూ ఇప్పుడు దానికి దగ్గరగా తెస్తున్నాను, ఎయిర్‌బ్రష్‌లో 0.3 మిల్లీమీటర్ల సూదితో, పదిహేను పీఎస్ఐ ఒత్తిడితో, పలచటి పూతలుగా వేస్తే బాగా కూర్చుంటోంది.