అరీనాలో నీలం-తెలుపు డెక్‌తో రెండేళ్లు

మ్యాజిక్ ది గ్యాదరింగ్ అరీనా అనే ఆన్‌లైన్ కార్డుల ఆటలోకి చాలామందిలాగే నేనూ ఎరుపు డెక్‌తోనే (డెక్ అంటే మనం కట్టుకునే కార్డుల కట్ట) దిగాను. ఒకటే రంగు, చవక క్రీచర్లు (మన తరఫున పోరాడే జీవులు), మీద నేరుగా దెబ్బకొట్టే నాలుగు మంట కార్డులు. ఎదుటివాడి 20 లైఫ్ కరిగిపోతే గెలుపు, నా చేతిలో కార్డులు ముందు అయిపోతే ఓటమి. ఏదైనా ఐదారు నిమిషాల్లో తేలిపోయేది. కొత్తవాళ్లకు ఇప్పటికీ అదే చెబుతాను. ఒకే రంగు కాబట్టి ఖరీదైన ల్యాండ్లు (కార్డులు వెయ్యడానికి కావాల్సిన శక్తిని, అంటే మానాని ఇచ్చే కార్డులు) అక్కర్లేదు, పెట్టుబడి తక్కువ.

ఎదుటివాడి కార్డులను ఆపుతూ నెమ్మదిగా గెలిచే నీలం-తెలుపు కంట్రోల్ డెక్ వైపు నన్ను లాగింది మాత్రం ఒక్క కార్డు: టెఫెరి, హీరో ఆఫ్ డొమినేరియా. ఐదు మానాల ప్లేన్స్‌వాకర్, అంటే దించాక టర్నుకో పని చేసిపెట్టే కార్డు. ప్లస్ వన్ అనే పని చేయిస్తే ఒక కార్డు చేతికొస్తుంది, టర్ను చివర వాడేసిన రెండు ల్యాండ్లు మళ్లీ వాడుకునేలా నిలబడతాయి. అంటే ఐదు మానా పెట్టి టెఫెరిని దించాక కూడా, ఎదుటివాడి టర్నులో రెండు మానాతో డోవిన్స్ వీటో వేసి, క్రీచర్ కాని కార్డును ఆపొచ్చు. ఇది మొదటిసారి అర్థమైన రోజు దాచుకున్న వైల్డ్‌కార్డులన్నీ (కావాల్సిన కార్డుగా మార్చుకునేవి) తీసేశాను. అక్కడే దెబ్బతిన్నాను.

ఈ ఆటలో కార్డును పొడిచేసి దుమ్ముగా మార్చుకుని వేరే కార్డు చేసుకునే వెసులుబాటు లేదు. వైల్డ్‌కార్డు ఒకసారి వాడితే వాడినట్టే. మామూలుగా ఆరు ప్యాకులు తెరిస్తే ఒక రేర్ (అరుదైన రకం) వైల్డ్‌కార్డు వస్తుంది, ప్యాకు ఒక్కోటి 1,000 గోల్డ్ (ఆటలోని డబ్బు). రోజువారీ క్వెస్ట్‌కి వచ్చేది 500 లేదా 750. (500ది వస్తే రోజుకు ఒకసారి మార్చుకోవచ్చు, 750 తగలొచ్చు. నేను ఇప్పటికీ వదలను.) ఇంత కూడబెట్టినవి మెరిసే కార్డులకు పెట్టేసి, ల్యాండ్లకు వచ్చేసరికి చేతులు దులుపుకున్నాను. రెండు రంగులకూ పనికొచ్చే హాలోడ్ ఫౌంటెన్, గ్లేషియల్ ఫోర్ట్రెస్ రెండూ రేర్లే. నాలుగేసి అంటే ఎనిమిది రేర్ వైల్డ్‌కార్డులు, చూడ్డానికి ఏ ఆకర్షణా లేని ఎనిమిది ల్యాండ్ల కోసం! మనసొప్పలేదు. మామూలు ఐలండ్లు (నీలం మానా ఇచ్చేవి), ప్లెయిన్స్ (తెలుపువి), వంగి దిగే, అంటే దిగిన టర్నులో పనికిరాని చవక ల్యాండ్లతో సర్దుకుపోదాం అనుకున్నాను.

రెండు నెలలు ఆడాక గానీ తెలిసిరాలేదు. అబ్సార్బ్ అనే కార్డు ఉంది: మూడు మానాకి ఎదుటివాడు వేసే కార్డుని (స్పెల్‌ని) ఆపి, మనకు మూడు లైఫ్ ఇస్తుంది. కానీ ఆ మూడు మానాలో రెండు నీలం, ఒకటి తెలుపు ఉండి తీరాలి. నా ముందు మూడు ల్యాండ్లు ఉండేవి, కానీ రెండు ప్లెయిన్స్, ఒక ఐలండ్. లేదా మూడోది అప్పుడే వంగి దిగేది. చేతిలో సరైన కార్డు పట్టుకుని చూస్తూ ఓడిపోవడం ఎరుపు డెక్‌లో ఎప్పుడూ ఎరగని బాధ. చివరికి టెఫెరిలను అప్పటికి రెండుకు తగ్గించి, తర్వాత వచ్చిన రేర్ వైల్డ్‌కార్డులన్నీ ల్యాండ్లకే పోశాను. డెక్ నిజంగా మారింది అప్పుడే. కాబట్టి నన్ను అడిగితే, రెండు రంగుల డెక్ కట్టేవాళ్లు ముందు ల్యాండ్లు చేయించుకోండి. మెరుపులు తర్వాత. పైగా మరో నీలం-తెలుపు డెక్ కట్టినా ఆ ల్యాండ్లే పనికొస్తాయి.

ఎన్ని ల్యాండ్లు పెట్టాలన్నది ఇంకో తలనొప్పి. 60 కార్డుల్లో 24 ల్యాండ్లు ఉంటే, మొదటి ఏడు కార్డుల్లో రెండు నుంచి నాలుగు ల్యాండ్లు వచ్చే అవకాశం సుమారు 77 శాతం. ఒకటి వచ్చేది లేదా అసలు రానిది 14 శాతం, అంటే ఏడు ఆటల్లో ఒకటి. ఎరుపు డెక్‌కి రెండు ల్యాండ్లతోనే బండి నడుస్తుంది. కంట్రోల్‌కి ఐదో టర్నులో ఐదో ల్యాండ్ కావాలి. మొదట ఆడేవాళ్లు ఐదో టర్నుకి 11 కార్డులు చూస్తారు. 24తో సగటున 4.4 ల్యాండ్లు, 26తో 4.8. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాకే 26కి వచ్చాను, అంతకుముందు 'ఈరోజు నా టైం బాలేదు' అని సరిపెట్టుకునేవాణ్ణి. ఒక్క గేమ్ పద్ధతిలో ఇంత బాధ కనిపించదు. అక్కడ ఆటే లోపల మొదటి ఏడు కార్డులను ఒకటికి మించిసార్లు తీసి, డెక్‌లోని ల్యాండ్ల నిష్పత్తికి దగ్గరగా ఉన్నదాన్ని మనకిస్తుంది. మూడు గేముల్లో రెండు గెలవాల్సిన పద్ధతిలో ఆ సాయం ఉండదు, వచ్చిందే వచ్చింది.

అయినా ఈ డెక్‌ని మూడు గేముల పద్ధతిలోనే ఆడాలి. 15 కార్డుల సైడ్‌బోర్డు (గేముల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) ఉంటుంది కదా. మొదటి గేమ్‌లో ఎదుటివాడు ఎరుపు అని తెలిస్తే ఖరీదైన కార్డులు తీసి క్రీచర్లను చవకగా చంపేవి లోపలికి. మనలాగే కంట్రోల్ అయితే సుప్రీమ్ వర్డిక్ట్‌లు బయటికి, నీలం కార్డులను చవకగా ఆపే మిస్టికల్ డిస్ప్యూట్‌లు లోపలికి. వర్డిక్ట్ నాలుగు మానాకి క్రీచర్లన్నిటినీ తుడిచేస్తుంది, దాన్ని కౌంటర్ చెయ్యడం, అంటే ఆపడం కుదరదు, కానీ క్రీచర్లే లేని డెక్ మీద అది ఉత్త కాగితం. పై ర్యాంకుల్లో కూడా ఒక మ్యాచ్ గెలిస్తే రెండు మెట్లు ఎక్కుతాం, కాకపోతే ఓడితే రెండు దిగుతాం. నాకు వజ్రం దాకా, అంటే డైమండ్ దాకా పెద్ద టెన్షన్ లేకుండా సాగింది. అన్నిటికన్నా పైదైన మిథిక్‌కి రెండు సీజన్లలో మాత్రమే చేరాను.

ఇక ఆడటం సంగతి. కార్డు వెయ్యడం కంటే వెయ్యకుండా కూర్చోవడం కష్టం ఇందులో. నాలుగు మానా ఉంది, ఎదుట ఒకే ఒక క్రీచర్ ఉంది, చేతిలో వర్డిక్ట్ ఉంది. మొదట్లో వెంటనే వేసేవాణ్ణి. వాడు హాయిగా ఇంకో రెండు దించేవాడు. ఇప్పుడైతే ఒక దెబ్బ తింటాను, ఒక్కోసారి రెండు. ఇంకోటి దిగనీ, అప్పుడు చూద్దాం.

ఎవరూ ముందు చెప్పని చిక్కు ఇంకోటి ఉంది. మనం చెయ్యగలిగిందేమీ లేకపోతే అరీనా ఆగకుండా ముందుకు పోతుంది. చేతిలో కౌంటర్ ఉండి, దానికి సరిపడా మానా ఉంటేనే ఆగుతుంది. అంటే నేను ఆలోచించే ఆ రెండు క్షణాల విరామమే నా చేతిలో ఏముందో ఎదుటివాడికి చెప్పేస్తుంది! ఇది గమనించే ఆటగాళ్లు పై ర్యాంకుల్లో బోలెడుమంది. అందుకే చేతిలో ఏమీ లేనప్పుడు కూడా అప్పుడప్పుడు కంట్రోల్ మీట నొక్కి ఫుల్ కంట్రోల్ (ప్రతి అడుగులోనూ ఆట నాకోసం ఆగే పద్ధతి) పెట్టి కాసేపు ఆపుతాను. వాడు భయపడి మంచి కార్డు దాచుకున్న సందర్భాలున్నాయి. అలాగే మానా కట్టేటప్పుడు ల్యాండ్లు నా చేత్తో నేనే వంచుతాను. ఒకసారి తొందరలో ఆటకే వదిలేసి, మిగలాల్సిన ఒక్క తెల్ల ల్యాండూ పోయాక అబ్సార్బ్ చేతిలోనే ఉండిపోయింది. తప్పు నాదే, రెండోసారి చెయ్యలేదు.

ఇబ్బందులు దాచను. మ్యాచ్ మూడు గేములకూ వెళ్తే ముప్పావు గంట పడుతుంది. ఫోన్‌లో ఇంకా కష్టం, చిన్న తెర మీద ఎక్కడ ఆగాలో నొక్కేలోపు క్షణం దాటిపోతుంది. గెలిచే తీరు కూడా అందరికీ నచ్చదు. టెఫెరి మైనస్ త్రీతో టెఫెరినే డెక్‌లో పైనుంచి మూడో చోట పెట్టుకోవచ్చు. మళ్లీ తీసి, మళ్లీ దించి, మళ్లీ పెట్టి. అలా మన డెక్ ఎప్పటికీ అయిపోదు, ఎదుటివాడిది అయిపోతుంది, దాంతో వాడు ఓడిపోతాడు. చాలామంది అంతదాకా ఉండరు, ముందే వదిలేస్తారు. ఉండేవాళ్లు ఉన్నారే, వాళ్లతో నాక్కూడా విసుగే.

ఇన్నాళ్లు ఒకే డెక్ నిలబడటానికి కారణం ఫార్మాట్, అంటే ఏ కార్డులు వాడొచ్చో చెప్పే పద్ధతి. 2022లో ఎక్స్‌ప్లోరర్ పేరుతో వచ్చిన దాంట్లో రొటేషన్ లేదు, పాత కార్డులు వెళ్లిపోవు. పాత కార్డులు వెళ్లిపోయే స్టాండర్డ్ ఫార్మాట్‌లో అయితే నా ఎనిమిది ల్యాండ్లూ ఏదో ఒక రోజు పెట్టెలోకే. కొత్త సెట్ వచ్చినప్పుడల్లా నేను మార్చేది ఒకటో రెండో కార్డులు. ఎరుపు నుంచి ఈ డెక్‌కి మారేవాళ్లకి మాత్రం మొదటి 50 మ్యాచ్‌లు నరకమే, గెలిచే ఆటలు కూడా ఓడతారు.

ప్రస్తుతం నా జాబితాలో 26 ల్యాండ్లు, మూడు టెఫెరిలు, మూడు వర్డిక్ట్‌లు. నాలుగో వర్డిక్ట్ తీసి 27వ ల్యాండ్ పెట్టి చూశాను, పది మ్యాచ్‌లు ఆడాక దాన్ని కూడా తీసేశాను. ఆ చోటులో ఈ వారం నాలుగో అబ్సార్బ్ ఉంది.