పాత దూలాలకు పోర్టబుల్ సా మిల్లు: నాలుగేళ్లు వాడాక నా మాట

రాజోలు దగ్గర మా తాతగారి మండువా ఇల్లు విప్పినప్పుడు పాత కలప కొనేవాళ్లు ముగ్గురొచ్చారు. ముగ్గురూ తలుపుల జోలికి పోకుండా దూలాలే అడిగారు. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. భద్రాచలం వైపు అడవుల్లో కొట్టి, తెప్పలు కట్టి గోదావరి మీద దించిన టేకు అని మా నాయనమ్మ చెప్పేది. 1996 నవంబరు తుఫానుకి పెంకులు లేచిపోయినా ఈ దూలాలు కదల్లేదు. పలకలుగా కోయించి కొత్త ఇంట్లో వాడుకుందామని కోత మిల్లుకి తీసుకెళ్తే, మేకులున్న పాత కలప మా రంపం మీద పెట్టం అన్నారు. వాళ్ల భయం వాళ్లది.

అలా ఈ పోర్టబుల్ సా మిల్లు, అంటే విప్పి ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే కోత యంత్రం, కొన్నాను. 9 హార్స్ పవర్ పెట్రోలు ఇంజను, 32 మిల్లీమీటర్ల వెడల్పున్న బ్యాండ్ బ్లేడు (రెండు చక్రాల మీద బెల్టులా తిరిగే పట్టీ రంపం), కింద విప్పి బిగించుకునే పట్టాలు. నాలుగేళ్లలో మా ఇంటివీ, చుట్టాల ఇళ్లవీ కలిపి 30కి పైగా దూలాలు దీని మీద కోశాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా యంత్రాలన్నీ ఇంచుమించు ఒకే పోలిక, నేను చెప్పేవి ఏది కొన్నా పనికొస్తాయి.

దీని గొప్ప అంతా బ్లేడు సన్నదనంలో ఉంది. కోతకి తినేది సుమారు 2 మిల్లీమీటర్లు. గుండ్రటి రంపమైతే 5, 6 మిల్లీమీటర్లు పొట్టు కింద పోతుంది. 8 అంగుళాల దూలంలో అంగుళం పలకలు తీస్తే దానికి ఆరొస్తాయి, దీనికి ఏడొస్తాయి. చేవ తేలిన పాత టేకులో దూలానికో పలక మిగలడం చిన్న సంగతి కాదు. ఇంకొకటి, ఇక్కడ దూలం కదలదు, రంపమే పట్టాల మీద నడుస్తుంది. 8 అంగుళాల చదరం, 12 అడుగుల పొడవున్న టేకు దూలం 100 కిలోలకి దగ్గరగా తూగుతుంది. ఒక కొస తర్వాత ఒక కొస ఎత్తుకుంటూ ఒక్కసారి ఎక్కిస్తే మళ్లీ ఎత్తే పని లేదు.

పైన నల్లగా, పొగచూరి, సున్నం మరకలతో ఉన్న దూలానికి మొదటి పలక లేచినప్పుడు కింద తేనె రంగు కనిపిస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నూనె వాసన గుప్పుమంటుంది. నాలుగేళ్లయినా ఆ క్షణానికి నేను ఇంజను ఆపి ఒకసారి చేత్తో తడిమి చూస్తాను. మొదటి పలకని మాత్రం పారేయకండి. పాత వడ్రంగులు బాడిసతో చెక్కిన గాట్లు దాని మీదే ఉంటాయి. మా వీధి గదిలో ఒక గోడ నిండా అవే బిగించాం.

ఇక కష్టం సంగతి. కోత 20 నిమిషాలు, దానికి ముందు పని ఒక పూట. కొనేముందు ఈ మాట ఎవరూ చెప్పలేదు. మా దూలాల్లో దొరికిన మేకుల్లో ఎక్కువ భాగం పాతకాలంవి కావు, తుఫాను తర్వాత రేకులు వేయడానికి హడావిడిగా కొట్టినవి. తలకాయలు తుప్పుపట్టి ఊడిపోతాయి, ఒళ్లు లోపలే ఉంటుంది. మెటల్ డిటెక్టరు కొన్నాను, సెక్యూరిటీ వాళ్లు చేత్తో పట్టుకుని తిప్పే రకం. పైపైన ఉన్నది పట్టుకుంటుంది, లోతుగా ఉన్నది వదిలేస్తుంది. అది నాకు ఉయ్యాల బల్ల దూలం కోసినప్పుడు తెలిసింది.

ఉయ్యాల గొలుసు కొక్కేలు రెండూ తీసేశాం అనుకున్నాం. ఒకదాని కాడ దూలం నడిమధ్యలో విరిగి ఉండిపోయింది. నాలుగు వైపులా డిటెక్టరు తిప్పాను, కూత లేదు. రెండు పలకలు చక్కగా వచ్చాయి. మూడో కోతలో కీచుమని అరిచి నిప్పురవ్వలు లేచాయి. బ్లేడు ఆపేసరికే పళ్ల మొనలన్నీ పోయాయి. మా మేస్త్రిగారు బ్లేడు వైపు చూడలేదు, అంతకుముందు తీసిన పలక తిరగేశారు.

"ఇదిగో, కొక్కెం బెజ్జం చుట్టూ ఈ నల్లమరక చూడండి బాబూ. పై పలకలో రూపాయి బిళ్లంత ఉంది, ఈ రెండో పలకలో అరచెయ్యంత అయ్యింది. ఇనుము దగ్గరపడే కొద్దీ మరక పెద్దదవుతాదండి. పలక తీసినప్పుడల్లా తిరగేసి చూసుకోవాలి."

చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం తేమలో ఇనుముతో కలిసి అలా నల్లబడుతుంది. ఆ రోజు నుంచి ప్రతి పలక తర్వాతా రెండు పనులు చేస్తాం: మరక చూడటం, కొత్తగా బయటపడ్డ ముఖం మీద మళ్లీ డిటెక్టరు తిప్పడం. ఆ తర్వాత మేకుకి పోయిన బ్లేడు ఒక్కటే. అది కూడా సాయంత్రం వెలుతురు తగ్గాక తొందరపడి కోసినప్పుడు.

మేకుల తర్వాత బ్లేడుకి శత్రువు సున్నం. గోడలో కూర్చున్న కొసల్లో సున్నం, ఇసుక పగుళ్లలోకి దిగి ఉంటాయి. చెద, పుచ్చు కూడా ముందు అక్కడే. ఇనప బ్రష్షుతో రుద్ది, అయినా నమ్మకం కలక్కపోతే ఆ కొసన అడుగు పొడవు ముక్క కోసి తీసేయండి. టేకులో సహజంగానే సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) ఉంటుంది, అది కూడా పళ్లని అరగదీస్తుంది. యంత్రంతో వచ్చిన బ్లేళ్లు 10 డిగ్రీల వంపు పళ్లవి, పచ్చి కలపకి బాగుంటాయి. ఎండిన గట్టి కలపకి 7 లేదా 4 డిగ్రీలవి తెప్పించుకోండి. అవి వేశాక పలక మీద అలలు తగ్గాయి. బ్లేడు మీద సబ్బునీళ్లు చుక్కచుక్కగా పడుతూ ఉండాలి. ఎండలో బ్లేడు వేడెక్కి సాగుతుంది కాబట్టి మధ్యలో బిగుతు చూసుకోవాలి, పని అయ్యాక వదులు చేయాలి. మా ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు వస్తుంది. నూనె గుడ్డతో తుడవకుండా నేను ఇంట్లోకి వెళ్లను.

కోనసీమ వాళ్లు మరీ జాగ్రత్తగా వినాల్సింది నేల గురించి. మొదటి ఏడాది పట్టాలు దొడ్లో కొబ్బరి దుంగల మీద వేశాను. వేసవిలో అద్దంలా కోసింది. రెండు వానలు పడ్డాక ఒకే పలక ఒక కొసన అంగుళం, రెండో కొసన ముప్పావు అంగుళం వచ్చింది. బ్లేడు తప్పనుకుని రెండు రోజులు దానితో కుస్తీ పట్టాను. ఒండ్రు నేల మెత్తబడి ఒకవైపు దుంగ దిగింది, అంతే. ఇప్పుడు కాంక్రీటు దిమ్మెలు పోయించాను. అయినా వానాకాలం ప్రతి ఉదయం నీటిమట్టం గొట్టంతో సరిచూస్తాం.

యంత్రంలో అసలైన లోపం పట్టుకునే క్లాంపులది. గుండ్రటి దుంగ కోసం చేసినవి, ఎత్తుగా ఉంటాయి. చదరపు దూలంలో చివరి రెండు పలకలకి వచ్చేసరికి బ్లేడు దారిలోకే వస్తాయి. ఒకసారి కొట్టుకుంది కూడా. వెల్డింగు షాపులో పొట్టివి చేయించాను. ఇది కంపెనీయే చేసి ఇవ్వాల్సిన పని.

తాడి దూలాలు దీనికి పెట్టకండి. పైపొర ఇనుములా ఉంటుంది, లోపల గుజ్జు పీచు. పలక మధ్యలో విడిపోయింది. వేప, మద్ది బాగానే కోసింది. పాత రంగు ఉంటే సీసం ఉండొచ్చు, మాస్కు తప్పనిసరి. టేకు పొట్టుకి మా తమ్ముడి చేతులు దద్దుర్లెక్కాయి.

సా మిల్లుకి అటవీ శాఖ లైసెన్సు నిబంధనలు ఉన్నాయి. కొనేముందే రేంజి ఆఫీసుకి వెళ్లి, ఇంటి కలప అని చెప్పి, ఏ కాగితాలు కావాలో అడగండి. కూలికి కోసి డబ్బు సంపాదిద్దామని మాత్రం కొనొద్దని నా సలహా. మేకులు తీసిన పూటకి ఎవరూ డబ్బివ్వరు. నాలుగైదు దూలాలే ఉంటే కొనకుండా, యంత్రం ఉన్నవాళ్లని మీ ఇంటికే పిలిపించుకోండి. ఇల్లంతా విప్పుతున్నవాళ్లకి, మేకులు తీసే ఓపిక ఉన్నవాళ్లకి నేను ధైర్యంగా కొనమంటాను.

మా చావిట్లో ఇంకా మూడు దూలాలున్నాయి. ఒకదానికి కొక్కెం బెజ్జం ఉంది. సంక్రాంతి దాటి నేల గట్టిపడ్డాక వాటిని ఎక్కిస్తాం.