ఎయిర్‌టెలా, జియోనా: బాధ్యత లెక్కన ఏది మేలు?

"పోర్ట్ అవుదామనుకుంటున్నా, పర్యావరణం, సమాజసేవ అవీ చూస్తే ఏది మేలన్నా?" అని ఈ మధ్య నలుగురైదుగురు అడిగారు. రేట్ల గురించి కాకుండా ఇలా అడిగేవాళ్లు కూడా ఉన్నందుకు ముచ్చటేసింది, అందుకే రాస్తున్నా.

సేవ సంగతి తొందరగా తేల్చేస్తా. ఎయిర్‌టెల్ వైపు భారతీ ఫౌండేషన్ 2000లో పుట్టింది, పల్లెల్లో సత్యభారతి బడులు నడుపుతోంది. జియో వైపు రిలయన్స్ ఫౌండేషన్ 2010 నుంచి ఉంది. మంచి పనులే, కాదనను. కానీ 2014 ఏప్రిల్ నుంచి లాభాలొచ్చే పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటివాటికి ఖర్చు పెట్టాలని చట్టమే ఉంది కాబట్టి, పిల్లల ఫొటోలు చూసి నేను మార్కులు వెయ్యను.

నాకు అసలు లెక్క డీజిల్. మా వీధి చివర ఒక టవర్ ఉంది (ఎవరిదో చెప్పను). కరెంటు పోయిన రెండు నిమిషాలకి జనరేటర్ మొదలవుతుంది, ఇక మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కాల మీద సన్నటి మసి. దులిపితే పోదు, రుద్దితే ఇంకా పాకుతుంది. ఊళ్లలో, పొలాల మధ్య ఉన్న టవర్లకైతే కరెంటు పోవడం ఇంకా ఎక్కువ, డీజిల్ కూడా అంతే.

మాటల్లో రిలయన్స్‌దే దూకుడు, 2035కల్లా నెట్ జీరో (గాల్లోకి వదిలే కర్బనం, తిరిగి తగ్గించేది సరిసమానం) అంది. ఎయిర్‌టెల్ 2050 అంటోంది, మధ్యలో 2031కల్లా సొంత ఉద్గారాలు, కొనే కరెంటు తాలూకువి కలిపి 2021 లెక్క మీద సగానికి తగ్గిస్తానంటోంది. చూడగానే జియోనే మేలనిపిస్తుంది. కానీ జియో టవర్ల కంపెనీ 2020లో కెనడా పెట్టుబడి సంస్థ బ్రూక్‌ఫీల్డ్ డబ్బు పెట్టిన ట్రస్ట్ చేతికి వెళ్లిపోయింది. టవర్ ఇంకొకరిదైతే అక్కడ కాలే డీజిల్ ఎవరి ఖాతాలో పడుతుందన్నదే చూడాలి, రిపోర్టులో స్కోప్ 1 (సొంత ఉద్గారాలు), స్కోప్ 2 (కొనే కరెంటువి) దగ్గర ఆగకుండా స్కోప్ 3 (కంపెనీ కోసం బయటివాళ్ల దగ్గర జరిగేవి) దాకా చదవాలి. ఎయిర్‌టెల్‌కి ఆ వెసులుబాటు తగ్గిపోయింది, 2024 చివర్లో టవర్లు నడిపే ఇండస్ టవర్స్ కంపెనీ దాని అనుబంధ సంస్థ అయిపోయింది కాబట్టి ఆ పొగ ఇక సొంతింటి పొగే.

ఇంకోటి 2జీ. జియోకి అది మొదట్నుంచీ లేదు, అంత మేరకు కరెంటు ఆదా. ఎయిర్‌టెల్ ఇంకా మోస్తోంది, దండగ ఖర్చే అనుకోండి, కానీ మా పిన్ని పాత కీప్యాడ్ ఫోన్ మోగేది దాని వల్లే. జియో 2023లో 999 రూపాయలకి 4జీ కీప్యాడ్ ఫోన్ తెచ్చింది నిజమే, మా పిన్ని మాత్రం "ఉన్నది బాగానే ఉందిగా" అంటుంది. జియోకి ఒప్పుకోవాల్సింది ఒకటుంది: మన ఆంధ్రా ఏజెన్సీ ఊళ్లలో 2023 జూన్‌లో ఒకేసారి 100 టవర్లు మొదలయ్యాయి. సిగ్నల్ కోసం కొండెక్కేవాళ్లకి అంతకంటే సేవ ఏముంటుంది?

వీఐ (వొడాఫోన్ ఐడియా) ఏళ్ల తరబడి నష్టాల్లో నడిచింది, అలా లాభం లేనప్పుడు 2 శాతం లెక్కన ఖర్చు పెట్టాల్సిందేమీ ఉండదు. బీఎస్‌ఎన్‌ఎల్ మారుమూల సోలార్ టవర్లు పెడుతోంది, మీ ఊళ్లో సిగ్నల్ ఉంటే చూడండి.

నేనైతే ఎయిర్‌టెల్‌లోనే ఉన్నా. రెండో సిమ్ మాత్రం జియోదే, అది రేటు చూసి పెట్టుకున్నది.