చేపాక్, ఈడెన్: టెస్టు మ్యాచ్ కోసం రైలెక్కేవారికి

తెలుగు ఊళ్ల నుంచి రైలెక్కి వెళ్లి టెస్టు చూసి రాదగ్గ పాత మైదానాలు రెండు: చెన్నైలో చేపాక్, కోల్‌కతాలో ఈడెన్ గార్డెన్స్. రెండింటిలోనూ తొలి టెస్టు 1934లోనే జరిగింది, ఆ తర్వాత దేని దారి దానిదే. సెలవూ డబ్బూ ఒక్క ప్రయాణానికే సరిపోతే ముందు చేపాక్ చూడండి. ఆటను అక్కడ చూసినంత శ్రద్ధగా ఇంకెక్కడా చూడరు.

చేపాక్ ప్రేక్షకులెలాంటివారో 1999 జనవరి 31న అందరికీ తెలిసింది. పాకిస్థాన్‌పై లక్ష్యం 271. నడుం నొప్పితోనే 136 కొట్టిన సచిన్ ఇంకా 17 పరుగులు కావాల్సి ఉండగా ఔటయ్యాడు. మిగిలిన మూడు వికెట్లూ నాలుగు పరుగుల్లో పడిపోయాయి. 12 పరుగుల తేడాతో ఓడాం. అయినా జనం ఇంటిదారి పట్టలేదు. పాకిస్థాన్ జట్టు మైదానం చుట్టూ తిరుగుతుంటే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తీరు ఇప్పటికీ ఉంది. అవతలి జట్టు బ్యాట్స్‌మన్ మంచి కవర్ డ్రైవ్ కొడితే చప్పట్లు వినిపిస్తాయి, స్పిన్నర్ వరసగా రెండు మెయిడెన్లు (ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్లు) వేసినా వినిపిస్తాయి.

ఇక్కడ సీటు ఎంచుకునేటప్పుడు ఒక్కటే చూసుకోవాలి: పిచ్‌కు తిన్నగా వెనక ఉండే స్టాండ్ కావాలి. అంటే అన్నా పెవిలియన్ వైపు గానీ, దానికి ఎదురుగా పట్టాభిరామన్ గేట్ వైపు గానీ. పక్క నుంచి చూస్తే బంతి పొట్టిగా పడిందో, ఎంత ఎత్తు లేచిందో తెలుస్తుంది కానీ ఎటు తిరిగిందో అంతుపట్టదు. చేపాక్‌కు వెళ్లేదే స్పిన్ కోసం! వెనక నుంచి చూస్తే, బౌలర్ల బూట్లు తొక్కి తొక్కి గరుకుగా మారిన చోట బంతి పడి, చిటికెడు దుమ్ము లేపి, బ్యాట్ అంచు దాటిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. అంపైర్ వేలెత్తకముందే చుట్టూ ఉన్నవాళ్ల నోట ఒక మూలుగు వస్తుంది. ప్యాడ్‌కు తగిలింది లైన్‌లోనో కాదో వాళ్లు అప్పటికే తేల్చేసి ఉంటారు.

2011లో కట్టిన స్టాండ్ల మధ్య సముద్రపు గాలి రావడానికి ఖాళీలు వదిలారు. పైన గుడారంలాంటి తెల్లటి కప్పు ఉంది. పాత రోజుల్లో చూపుకు అడ్డొచ్చిన స్తంభాలు ఇప్పుడు లేవు. అయినా ముందు వరసల్లో ఎండ తప్పదు, పై వరసలే నయం. మధ్యాహ్నం నుంచి గాలి తిరుగుతుంది, ఉదయం పూట మాత్రం ఉక్క. 1986లో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ డీన్ జోన్స్ ఇక్కడ 210 కొట్టి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకోవాల్సి వచ్చింది. ఆ మ్యాచ్‌లోనే చివరి ఓవర్ అయిదో బంతికి మన ఆఖరి బ్యాట్స్‌మన్ మణిందర్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు, రవిశాస్త్రి అవతలి ఎండ్‌లో 48 నాటౌట్‌గా నిలబడిపోయాడు, స్కోర్లు సమమయ్యాయి. టెస్టు చరిత్రలో అది రెండో టై.

సెంట్రల్‌లో దిగితే రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్‌లో ఎంఆర్‌టీఎస్ అనే లోకల్ రైలెక్కండి. చింతాద్రిపేట తర్వాత చేపాక్, స్టేడియం పక్కనే. బస విషయానికొస్తే, ట్రిప్లికేన్‌లో మాన్షన్లనే పాత లాడ్జీలు నడక దూరంలో ఉన్నాయి. అవి ఒంటరి మగవాళ్లకు చవకే, కానీ గదులు ఇరుకు, చాలాచోట్ల బాత్‌రూమ్ ఉమ్మడి. కుటుంబంతో వెళ్తే ఎగ్మూర్ మేలు. పొద్దున్నే ట్రిప్లికేన్ రత్నా కేఫ్‌లో సాంబారులో మునిగిన ఇడ్లీ తిని లోపలికి వెళ్తే మధ్యాహ్నం దాకా ఢోకా లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన భయం ఉంటుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల్లో టెస్టు పడితే వదలొద్దు.

ఈడెన్ సంగతి వేరు. పేసర్ పరుగు మొదలుపెట్టగానే ఒక మూల పుట్టిన హోరు, అతను క్రీజు చేరేసరికి గుండ్రంగా అంతటా కమ్మేస్తుంది. మన హైదరాబాదీలకు ఈ మైదానంతో ఏదో రుణానుబంధం ఉంది. అజారుద్దీన్, లక్ష్మణ్ ఇక్కడ చెరో అయిదు టెస్టు సెంచరీలు కొట్టారు. 2001లో ఆస్ట్రేలియాపై ఫాలో ఆన్ (తొలి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగడం) ఆడుతూ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180 చేసినప్పుడు నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు. మర్నాడు భారత్ 171 పరుగులతో గెలిచింది. అదే హోరు తిరగబడిన రోజులూ ఉన్నాయి. ప్రేక్షకుల అల్లరితో 1996 ప్రపంచకప్ సెమీఫైనల్ ఆగిపోయింది ఇక్కడే. 1999 ఫిబ్రవరిలో పాకిస్థాన్‌తో టెస్టు చివరి రోజున ప్రేక్షకులను బయటికి పంపేసి, ఖాళీ స్టాండ్ల మధ్య ముగించారు. అభిమానం అన్నాక ఈ రెండు ముఖాలూ తెలిసి ఉండాలి.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరా చేరుస్తుంది. అక్కడి నుంచి హుగ్లీ నది కింద నడిచే మెట్రోలో, ఈడెన్‌కు దిగాల్సిన ఎస్‌ప్లనేడ్ రెండో స్టేషన్. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ మాత్రం షాలిమార్‌లో ఆగిపోతుంది, అక్కడ మెట్రో లేదు, టాక్సీయే దిక్కు. టికెట్ తీసేటప్పుడే ఇది చూసుకోండి. బసకు సడ్డర్ స్ట్రీట్, న్యూ మార్కెట్ ప్రాంతం అనువైనది, మైదాన్ అనే పెద్ద పచ్చిక బయలు మీదుగా నడిచి వెళ్లొచ్చు. కిటికీ లేని గదులు అంటగట్టడం అక్కడ మామూలే, గది చూశాకే డబ్బు కట్టండి. లంచ్ విరామంలో బయటికొస్తే మళ్లీ లోపలికి రానివ్వకపోవచ్చు కాబట్టి డేకర్స్ లేన్ చికెన్ స్ట్యూ, టోస్టు ఆట అయ్యాకే.

నవంబరు, డిసెంబరుల్లో కోల్‌కతాలో అయిదు గంటలలోపే పొద్దు గుంకుతుంది. వెలుతురు చాలక చివరి ఓవర్లు పోవడం మామూలే. ఉదయం సెషన్‌కు ఆలస్యంగా వెళ్తే నష్టపోయేది మీరే.

రెండు చోట్లా బ్యాగులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు గేటు దగ్గర ఆపేస్తారు, దాచుకునే చోటు ఉంటుందని నమ్ముకోవద్దు. ఫోను, టోపీ, గుర్తింపు కార్డు చాలు. ఆన్‌లైన్‌లో కొన్న టికెట్‌కు బదులు కాగితం టికెట్ తీసుకోమంటే, ఆ కౌంటర్ స్టేడియం దగ్గరే ఉంటుందనుకోకండి, ముందు రోజే వెళ్లి తెచ్చుకోండి. స్పిన్ పిచ్‌పై ఆట మూడున్నర రోజుల్లో ముగిసే అవకాశం ఎక్కువ. అందుకని చివరి రెండు రాత్రుల గదిని ఉచితంగా రద్దయ్యే షరతుతోనే బుక్ చేయండి. ఈడెన్‌లో ఆట ముగియగానే జనమంతా ఎస్‌ప్లనేడ్ మెట్రో వైపు పోతారు. హౌరా వెళ్లాల్సినవాళ్లు ఎదురు దిక్కున బాబూఘాట్‌కు నడిచి లాంచీ ఎక్కితే తోపులాట తప్పుతుంది.