అయస్కాంతం గుట్టు: ఫారడే గీతలా, ఆంపియర్ చుట్టలా?

సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి, విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయి. బళ్లో అందరం బట్టీ పట్టిందే. ఎందుకని అడిగితే మాత్రం జవాబుకు రెండు దారులున్నాయి.

ఇంగ్లండ్ శాస్త్రవేత్త ఫారడే దారి కంటికి కనిపించేది. అయస్కాంతం మీద కాగితం పరిచి ఇనుప రజను చల్లితే బలరేఖలు తేలతాయి. వాటిని సాగదీసిన రబ్బరు బ్యాండ్లనుకోండి: పొడవునా కుంచించుకోవాలని చూస్తాయి, పక్క రేఖల్ని నెడతాయి. ఉత్తరం ఎదుట దక్షిణం ఉంటే రేఖలు రెండిటినీ కలిపి లాగుతాయి. రెండూ ఉత్తరాలే అయితే పక్కలకు ఒరిగి తోసుకుంటాయి. బాగుంది. కానీ రేఖలకు ఆ గుణం ఎక్కడిది?

ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ ఇంకాస్త లోపలికి వెళ్లాడు. పక్కపక్కనున్న రెండు తీగల్లో కరెంటు ఒకే దిశలో పోతే అవి దగ్గరికి వస్తాయని, ఎదురు దిశల్లో పోతే దూరం జరుగుతాయని 1820లో చూపించాడు. అయస్కాంతం నిండా కరెంటు గుండ్రంగా తిరిగే చిన్న చుట్టలే ఉన్నాయన్నాడు. ఉత్తరానికి ఎదురుగా దక్షిణం పెట్టండి, రెండు వైపులా చుట్టలు ఒకే దిశలో తిరుగుతాయి, అందుకే ఆకర్షణ. ఒకదాన్ని తిప్పి పెడితే దిశలు ఎదురవుతాయి, అందుకే వికర్షణ. అయస్కాంతాన్ని ఎన్ని ముక్కలు చేసినా ఒంటరి ధ్రువం ఎందుకు దొరకదో కూడా దీంతోనే తెలుస్తుంది: చుట్టకు ఒక ముఖం ఉత్తరమైతే రెండోది దక్షిణం, రెండూ తప్పవు కదా.

ఇనుములో అసలు పని ఎక్కువగా ఎలక్ట్రాన్ స్పిన్‌ది, అంటే ఎలక్ట్రాన్‌ను చిన్న అయస్కాంతంలా చేసే దాని సహజ గుణానిది; అది నిజంగా తిరిగే కరెంటు కాదు. అయినా లెక్క కుదురుతుంది, కాబట్టి నా ఓటు ఆంపియర్‌కే. పిల్లలకు చెప్పాల్సి వస్తే మాత్రం ఇనుప రజనే బయటికి తీస్తాను.