హిమాయత్‌నగర్‌లో వీలునామా లాయరు గారి దగ్గర మా అనుభవం: పని బాగుంది, ఫోన్ మాత్రం ఎత్తరు

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు కోశానో కింద చెప్తాను. పేరు రాయట్లేదు, ఆవిడే వద్దన్నారు. వకీళ్ళు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉంది కదా, "మీరు మంచిగా రాసినా నాకే తలనొప్పి" అన్నారు.

ముందు మా సంగతి. నాన్నకి 76, ఈసీఐఎల్‌లో లేత్ మీద పనిచేసి రిటైరయ్యారు. కుషాయిగూడలో ఇల్లు, ఘట్‌కేసర్ వైపు 200 గజాల ప్లాటు, అమ్మ పేరు మీద కొన్ని ఎఫ్‌డీలు. అంతే, జమీందారులం కాదు. అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు, నేను ఇక్కడే. మా తమ్ముడికి 34, పుట్టుకతోనే మేధో వైకల్యం. చిన్నప్పుడు అమ్మ వాణ్ణి చంకనేసుకుని రెండు బస్సులు మారి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న ఎన్ఐఎంహెచ్ అనే సంస్థకి తీసుకెళ్ళేది. ఇప్పుడు దానికి వేరే పేరు పెట్టారు గానీ మా నోటికి అదే వస్తుంది. ఇంట్లో మాకున్న భయమల్లా, వీళ్ళిద్దరూ పోయాక వాడి సంగతేంటని.

మొదట వేరే ఒక ఆఫీసుకి వెళ్ళాం. అద్దాల బిల్డింగు, ఏసీ, మంచి కాఫీ. పది నిమిషాలు విని "ఫ్యామిలీ ట్రస్ట్ పెట్టేయండి అంకుల్" అని (అంటే ఆస్తిని ట్రస్టీలనే నమ్మకస్తుల చేతిలో పెట్టి, ఇంట్లోవాళ్ళ కోసం నడిపించడం) ఒక రంగుల ఫోల్డరు చేతిలో పెట్టారు. ఫీజు అంకె చూసి నాన్న కాఫీ సగంలో ఆపేశారు.

ఈవిడ దగ్గర మొదటి రోజు గంటన్నర పట్టింది, ఆ గంటన్నరలో ఆస్తి కాగితాల మాటే లేదు. బాబుకి పొద్దున బ్రష్ ఎవరు చేయిస్తారు, రాత్రి ఒక్కడే పడుకుంటాడా, డబ్బిస్తే ఏం చేస్తాడు, నెలకి వాడి ఖర్చెంత, ఇవే అడిగారు. అమ్మ మందులు, ఫిజియో, పాలు అని లెక్క చెప్తుంటే తమ్ముడు మధ్యలో "ఆదివారం బిర్యానీ" అన్నాడు. ఆవిడ నవ్వకుండా అది కూడా రాసుకున్నారు.

తర్వాత అసలు విషయం. వీలునామా లేకుండా నాన్నకి ఏమన్నా అయితే ఆస్తి అమ్మకీ మా ముగ్గురికీ పోతుందని అనుకుంటున్నాం కదా, మా నాయనమ్మ ఇంకా ఉంది, 94 ఏళ్ళు. చట్ట ప్రకారం కొడుకు ఆస్తిలో తల్లికీ సమాన వాటా, అంటే ఐదోవంతు ఆవిడది. ఆవిడ తర్వాత ఆ వాటాలోకి మా బాబాయిలూ అత్తయ్యలూ వస్తారు. తమ్ముడికి వచ్చే ఐదోవంతు సంగతి ఇంకా చిక్కు, వాడు అర్థం చేసుకుని సంతకం పెట్టలేడు కాబట్టి రేపు ఇల్లు అమ్మాలన్నా బాగుచేయాలన్నా కోర్టు చుట్టూ తిరగాలి.

మరి ఆ ట్రస్టు ఎందుకు వద్దన్నారంటే, ఇప్పుడే ట్రస్టు పెట్టి ఇల్లు దాని పేరున మార్చాలంటే స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు. పైగా ఎవరికెంత అనేది ట్రస్టీల ఇష్టానికి వదిలేసే ట్రస్టుకి మామూలుగా మొదటి రూపాయి నుంచే గరిష్ఠ రేటు పన్ను. అదే వీలునామాలోనే తమ్ముడి కోసం ట్రస్టు రాస్తే స్టాంప్ డ్యూటీ ఉండదు. తన మీద ఆధారపడ్డ బంధువు కోసమే, వీలునామాలో ఒకే ఒక్క ట్రస్టుగా రాస్తే మామూలు స్లాబుల్లోనే పన్ను. నాన్న బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అద్దాల బిల్డింగు వాళ్ళు ఇందులో ఒక్క ముక్కా చెప్పలేదు!

ట్రస్టు ఉంటే డబ్బు సంగతి తేలుతుంది, మనిషిని చూసుకునే హక్కు వేరు. 18 దాటాక కన్నవాళ్ళైనా చట్టం దృష్టిలో వాడికి గార్డియన్లు కారట. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. "ముప్పై నాలుగేళ్ళుగా నేను చేస్తున్నదేంటి మరి?" అంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవల్ కమిటీ ఉంటుంది, గార్డియన్‌గా నియమించమని అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇన్నేళ్ళలో ఏ డాక్టరూ ఏ స్కూలూ మాకు చెప్పలేదు.

చుట్టాలంతా ఇల్లు నా పేరున గిఫ్ట్ డీడ్ చేయించేయమని పోరుతున్నారు, పన్ను కూడా ఉండదు కదా అని. పన్ను లేని మాట నిజమే. కానీ ఇచ్చేశాక అది నాన్నది కాదు. చూసుకోవాలనే షరతు రాసుకుంటే 2007 నాటి తల్లిదండ్రుల చట్టం కింద రద్దు అడగొచ్చు గానీ, ఆ వయసులో ట్రిబ్యునల్ మెట్లెక్కాలి. లాయరు గారు నా ఎదురుగానే "మీ అమ్మాయి మంచిదే అంకుల్, అయినా వద్దు" అన్నారు. కొంచెం గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

ఎఫ్‌డీలకి నేను నామినీని కాబట్టి అవి నావే అనుకునేదాన్ని. కాదు. నామినీ డబ్బు తీసుకుంటాడంతే, హక్కు వారసులదే. షేర్ల విషయంలో 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. ఇక అన్నయ్యకి ప్లాటు ఇస్తే, ఎన్నారై అమ్మితే కొనేవాడు ముందే పన్ను కింద కోయాల్సిన టీడీఎస్ ఎక్కువ, దాన్ని తగ్గించే సర్టిఫికెట్ కోసం తిరగాలి. అందుకే ప్లాటు నాకు, వాడికి డబ్బు. ఆ డబ్బు లక్ష డాలర్లు దాటితే పన్ను లేకపోయినా అమెరికాలో ఆ వివరాలు చెప్తూ ఫారం 3520 వేయాలి, మర్చిపోతే జరిమానా గట్టిగా ఉంటుంది, అక్కడి ఆడిటర్ని, అదే సీపీఏని అడగమనండి అన్నారు. అన్నయ్య ఆ పేరు విననే లేదట.

ఇప్పుడు కోసిన స్టారు. మూడు వారాలన్నది మూడు నెలలైంది. ఫోన్ చేస్తే కోర్టులో ఉన్నాను అని మెసేజ్, రాత్రి ఎనిమిదికి కూడా అదే మెసేజ్. డ్రాఫ్టు వచ్చాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని వేలితో గీస్తూ చదివి, హద్దుల దగ్గర ఆగారు. తూర్పున రోడ్డు అని ఉంది. "రోడ్డు పడమరనమ్మా, ముప్పై ఎనిమిదేళ్ళుగా సాయంత్రం ఎండ గేట్లోంచి నా ముఖానే కొడుతోంది" అన్నారు. జూనియరు పాత దస్తావేజు చూసి తిరగేసి కొట్టాడు. నలభై వేలు తీసుకున్నప్పుడు ఆ ఒక్క పేరా ఆవిడ చూసుకోవద్దా?

డాక్యుమెంట్ రైటర్ అయితే ఇందులో పదో వంతుకే రాసిచ్చేవాడు, తమ్ముడి సంగతి రెండు లైన్లలో పోయేది.

వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలుంటే చాలు, అయినా చేయించాం. సాక్షిగా నాన్న తన ఫ్రెండుని తెస్తానంటే, "ఆయనకెన్నేళ్ళు?" అన్నారు. 79. "రేపు కోర్టులో చెప్పాల్సింది సాక్షే అంకుల్, కుర్రాణ్ణి తీసుకురండి." చివరికి మా ఫ్యామిలీ డాక్టరూ, పక్కింటి అబ్బాయీ. రిజిస్ట్రార్ ఆఫీసులో నాన్న వేలిముద్ర పడలేదు, లేత్ మీద అరిగిపోయిన వేళ్ళు. తుడిచారు, తడిపారు, నుదుటికి రుద్దుకుని పెట్టారు, ఆరోసారికి ఎడమచేతిది పడింది. లాయరు గారు ఆ రెండు గంటలూ పక్కనే నిలబడ్డారు, జూనియర్‌ని పంపి ఊరుకోలేదు.

వెళ్ళేవాళ్ళు ఫోన్ చేయకండి, వాట్సాప్‌లో రాసి పెట్టండి, రెండు రోజుల్లో జవాబొస్తుంది. ఇంటి లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్) జిరాక్సులు ముందే పెట్టుకోండి. ఆఫీసు రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, పెద్దవాళ్ళుంటే ముందే చెప్తే ఆవిడే కిందికి దిగి కారులో కూర్చుని మాట్లాడతారు. మా నాయనమ్మ కోసం అలాగే దిగారు.