రైలు దిగాక సిటీ బస్సు: ఎక్కడం తేలికే, దిగడమే కష్టం

రైలు దిగి, బస దాకా సిటీ బస్సులోనే వెళ్లడం నాకు పాత అలవాటు. భుజాన ఒక్క సంచి ఉన్నన్నాళ్లూ అదో విషయమే కాదు. ఈసారి అక్క కూడా వచ్చింది. పెద్ద సూట్‌కేసు ఒకటి, చిన్నది ఒకటి, ఇద్దరికీ చెరో భుజం సంచి. "ట్యాక్సీ పిలుద్దాంరా" అని ప్లాట్‌ఫారం మీదే అంది. వద్దు, బస్సే అన్నాను. అందుకు సాయంత్రం దాకా మాటలు పడ్డాను, కొన్ని న్యాయంగానే.

రైలు ఆలస్యమై సరిగ్గా ఆఫీసుల వేళకు చేర్చింది. స్టేషన్ ఎదుటి స్టాపు నిండా మా రైల్లో దిగినవాళ్లే. వచ్చిన మొదటి బస్సు అప్పటికే ఫుట్‌బోర్డు దాకా నిండి ఉంది. రైలు జనమైతే పావుగంటలో పలచబడతారు, ఆగి చూడొచ్చు. ఆఫీసు రద్దీ అలా తగ్గదు. అలాంటప్పుడు నేను చేసే పని ఒకటే, బస్సు బయల్దేరే చోటికే వెళ్లిపోవడం. ఫోన్లో రూటు నంబరు నొక్కితే స్టాపులన్నీ వరసగా వస్తాయి, అందులో మొదటిది ఎక్కడుందో చూసుకుంటే సరి. మాకది రెండు స్టాపులు వెనక్కి. వెళ్లాల్సిన దిక్కుకు వీపు పెట్టి, పెట్టెలు లాక్కుంటూ పది నిమిషాలు నడిచాం. అక్క రెండుసార్లు "అటు కాదురా" అంది. కానీ అక్కడ బస్సు ఖాళీగా, డోరు తెరిచి నిలబడి ఉంది. ఆ పది నిమిషాల నడకను మించిన లాభం ఆ రోజు ఇంకేదీ రాలేదు.

ఏ రకం బస్సు అన్నదీ చూసుకోవాలి. పాత తరహా బస్సులో లోపలి నేల రోడ్డుకు సుమారు 900 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ఇరవై కిలోల పెట్టెను నిటారు మెట్ల మీదుగా నడుము దాకా ఎత్తాలి. లోఫ్లోర్ బస్సులో ఆ ఎత్తు 400 దాటదు, ఒక్క అడుగు వేస్తే లోపలున్నట్టే. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కొన్నిటిలో డ్రైవరు గాలి తగ్గించి బస్సును డోరు వైపుకు ఇంకాస్త వంచగలడు కూడా. లోఫ్లోర్ కోసం ఇంకో పది నిమిషాలు ఆగాల్సి వచ్చినా ఆగుతాను. ఒక్క మాట, చాలా లోఫ్లోర్ బస్సుల్లో ఇంజను వెనక ఉంటుంది కాబట్టి వెనక భాగానికి మళ్లీ మెట్లెక్కాలి. ఖాళీ సీటు కనిపించింది కదా అని అటు వెళ్లొద్దు. చక్రాల కుర్చీ కోసం వదిలిన జాగా ఖాళీగా ఉంటే పెట్టెలు అక్కడ నిలపొచ్చు, ఆ కుర్చీలో ఎవరైనా వస్తే మాత్రం మారుమాట లేకుండా తీసేయాలి.

మేం అక్కడే నిలిపాం. నాలుగో స్టాపు దగ్గర బ్రేకు పడింది. అక్క కొత్త సూట్‌కేసుకు నాలుగు చక్రాలు, ఎటు తోస్తే అటు పోయే రకం. ప్లాట్‌ఫారం మీద వేలితో నడిపింది దాన్ని. బస్సులో అది మమ్మల్ని అడక్కుండానే బయల్దేరి, ముందు నిలబడ్డ ఒక పెద్దాయన పిక్కకు తగిలింది. పాపం ఆయన ఏమీ అనలేదు, దిగేదాకా దాన్ని కాలితో ఆపి పట్టుకున్నాడు. సూట్‌కేసు చక్రాలకు 1972లో అమెరికాలో పేటెంటు తీసుకున్న బెర్నార్డ్ శాడోది కూడా నాలుగు చక్రాలదే, పట్టీ కట్టి లాగేది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే విమాన పైలట్ పెట్టెను నిలబెట్టి, రెండు చక్రాలూ పైకి సాగే పిడీ పెట్టాడు. ఆ రెండు చక్రాలది నిలబెడితే నిలిచిన చోటే ఉంటుంది. బస్సు ప్రయాణానికి అదే నయం. నాలుగు చక్రాలదైతే అడ్డంగా పడుకోబెట్టాలి, లేదా మోకాళ్ల మధ్య బిగించి కూర్చోవాలి.

ఇక దిగడం. ఎక్కేటప్పుడు బస్సు ఖాళీ, దిగేటప్పుడు కిటకిట. మా స్టాపు వచ్చాక లేస్తే పని కాదని తెలిసి కూడా ఫోను చూస్తూ ఒక్క స్టాపు ఆలస్యంగా లేచాను. డోరు దాకా వెళ్లేసరికి బస్సు కదిలింది. "ఆపండి, లగేజీ ఉంది" అని అక్క అరిస్తే యాభై గజాల తర్వాత ఆగింది. రెండు స్టాపుల ముందే లేచి, పెద్ద పెట్టెను డోరు దగ్గరికి చేర్చుకోవాలి. ఇద్దరుంటే ఒకరు ముందు ఖాళీ చేతులతో దిగి కింద నుంచి అందుకోవాలి. ఇద్దరూ చెరో పెట్టెతో దిగబోతే ఇద్దరూ ఇరుక్కుంటారు, మాలాగే.

బస సంగతి. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దానికి వంక పెట్టను. "బస్ స్టాపు నుంచి అయిదు నిమిషాల నడక" అన్నది మాత్రం చేతులూపుకుంటూ నడిచేవాళ్ల లెక్క. బస్సు మమ్మల్ని దించింది రోడ్డుకు అవతలి పక్క. మధ్యలో డివైడరు, దాటాలంటే పైవంతెన, లిఫ్టు లేదు. పెద్ద పెట్టెను ఎక్కించి దించేసరికి చేతులు పట్టేశాయి. గది ఖాయం చేసుకునే ముందు స్టాపు ఎంత దూరమో కాదు, రోడ్డుకు ఏ పక్కో చూడాలి. వచ్చే స్టాపు, పోయే స్టాపు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి ఒక్కసారైనా దాటక తప్పదు. దాటేది తిరుగు ప్రయాణంలో అయితే కనీసం అలసట లేకుండా దాటొచ్చు.

ట్యాక్సీ తీసుకోవాల్సిందా? మనిషికి చక్రాలున్న పెట్టె ఒక్కటే అయితే, రద్దీ వేళ కాకపోతే ఇప్పటికీ నా ఓటు బస్సుకే. మనుషులకన్నా పెట్టెలు ఎక్కువుంటే, లేదా రెండు బస్సులు మారాల్సి ఉంటే ట్యాక్సీ. గది చేతికొచ్చేది మధ్యాహ్నం అయితే మూడో దారి ఉంది. పెట్టెలు స్టేషన్ క్లోక్ రూములో వదిలి, ఊరు చూసి, జనం తగ్గాక బస్సెక్కడం. అది ఆ రోజు నాకు తట్టలేదు. తట్టిందల్లా అక్కకే, అదీ పైవంతెన మీద సగంలో.

ఇంటికొచ్చాక అటక మీద పడి ఉన్న పాత రెండు చక్రాల పెట్టెను దించాను. పిడి కాస్త బిగుసుకుంది, నూనె వేస్తే కదిలింది.